మాట పుట్టుక వెతుకుదాం, 4వ పాఠం: జర్మన్ ‘డైష్’, ఫ్రీజియన్ ‘డీక్’

కిందటి పాఠంలో ఒక సంగతి గట్టిగా పట్టుకున్నాం. ఒక భాషలో ఒక శబ్దం మారితే అది ఒక్క మాటతో ఆగదు, అదే చోట అదే శబ్దం ఉన్న మాటలన్నిటిలోనూ మారుతుంది. ఈసారి కొత్త సూత్రాలు పెద్దగా లేవు. ఉన్నవాటినే ఒకే ఒక్క మాట మీద మొదటి నుంచి చివరి దాకా వాడి చూద్దాం, ఎందుకంటే పది మాటల్ని పైపైన చూసేకంటే ఒక మాటని పూర్తిగా తవ్వితేనే చెయ్యి తిరుగుతుంది.

మాట చిన్నది. జర్మన్‌లో డైష్. సముద్రం పొంగి ఊళ్ళ మీద పడకుండా తీరం పొడవునా వేసే మట్టి కట్ట. ఫ్రీజియన్‌లో ఇదే మాట డీక్. అక్కడా కట్టే, కానీ నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్లాండ్ రాష్ట్రంలో మామూలు రోడ్డుని కూడా డీక్ అనే అంటారు, పక్కన నీళ్ళు ఉన్నా లేకపోయినా సరే. ఇక్కడితో అయిపోలేదు. జర్మన్‌లోనే టైష్ అని ఇంకో మాట ఉంది, దానికి కుంట అని అర్థం. ఇంగ్లీషులో డిచ్ అంటే గుంట, డైక్ అంటే కట్ట. స్వీడిష్‌లో డీకె అంటే నీళ్ళు పోయే కాలవ, పక్కనే ఉన్న డెన్మార్క్‌లో అదే మాట డీగె అయ్యి కట్ట అయింది. కట్ట, రోడ్డు, కాలవ, కుంట, ఇవన్నీ ఒకే మాట నుంచి వచ్చాయని భాషావేత్తలు ధైర్యంగా చెబుతారు. ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడమే ఈ పాఠం.

కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్ళు ఈ మాటని ఇప్పటికే కొన్ని వందల సార్లు పలికి ఉంటారు. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి అతి దగ్గర దారి వెతికే డైక్‌స్ట్రా అల్గారిథమ్ ఉంది కదా, 1959లో అచ్చయింది. దాన్ని రాసిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా రాటర్‌డ్యామ్‌లో పుట్టిన డచ్ మనిషే గానీ ఆ ఇంటిపేరు మాత్రం ఫ్రీజియన్. చివర ఉన్న ‘స్ట్రా’ అనేది ‘అక్కడ ఉండేవాడు’ అని చెప్పే పాత ప్రత్యయం. డైక్‌స్ట్రా అంటే కట్ట మీద ఉండేవాళ్ళు, కట్ట పక్కవాళ్ళు. ఫ్రీస్లాండ్‌లో ఇలా ‘స్ట్రా’తో ముగిసే ఇంటిపేర్లు బోలెడు.

పలికే తీరు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్దాం. జర్మన్ డైష్‌లో చివరి శబ్దం నిజానికి మన ‘ష’ కాదు, హ-ష ల మధ్య నాలిక మధ్యభాగం పైకి లేపి ఊదే శబ్దం. తెలుగులో దానికి అక్షరం లేదు కాబట్టి ‘ష్’ అని రాస్తున్నాను. ఆ, ఊ, ఓ లాంటి అచ్చుల తర్వాత అయితే అదే శబ్దం గొంతులోంచి వస్తుంది, దాన్ని ‘ఖ్’ అని రాస్తాను. బూఖ్, మాఖెన్ లాంటివి. రెండూ జర్మన్ రాతలో ఒకే గుర్తు అని గుర్తుంటే చాలు.

ముందు ఏ భాష ఎక్కడిది

‘ఫ్రీజియన్’ అనే పేరు దగ్గర చాలామంది తికమకపడతారు, కాబట్టి ఇది తేల్చుకుందాం. ఫ్రీజియన్ ఒక భాష కాదు, మూడు. పశ్చిమ ఫ్రీజియన్ నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్లాండ్‌లో ఉంది, లక్షల మంది మాట్లాడతారు, అక్కడ అధికార భాష కూడా. ఉత్తర ఫ్రీజియన్ జర్మనీ ఉత్తర కొనలో, డెన్మార్క్ సరిహద్దు దగ్గరి తీరంలో, జ్యూల్ట్, ఫ్యోర్, ఆమ్‌రూమ్ లాంటి ద్వీపాల్లో ఉంది, మాట్లాడేవాళ్ళు కొన్ని వేలు. మూడోది జాటర్‌లాండ్ ఫ్రీజియన్, జర్మనీ వాయవ్యాన ఉన్న లోవర్ సాక్సనీ రాష్ట్రంలో నాలుగు ఊళ్ళ భాష, సుమారు రెండు వేల మంది. ఇక తూర్పు ఫ్రీజియా అని జర్మనీలో ఒక ప్రాంతం ఉంది గానీ అక్కడి ఫ్రీజియన్ ఎప్పుడో పోయింది, ఇప్పుడు అక్కడ వినిపించేది లో జర్మన్. నిఘంటువులో ‘తూర్పు ఫ్రీజియన్’ అని కనిపిస్తే అది ఆ పాత ఫ్రీజియనా, ఇప్పటి లో జర్మనా అని ముందు చూసుకోండి. ఈ ఒక్కటి చూడకపోతే మొత్తం లెక్క తప్పుతుంది.

లో జర్మన్ అంటే ఉత్తర జర్మనీ పల్లపు నేలల భాష. మనం బళ్ళో నేర్చుకునే ప్రామాణిక జర్మన్ హై జర్మన్, అంటే దక్షిణపు ఎత్తు ప్రాంతాల మాటల మీద నిలబడ్డది. ఈ రెండింటి మధ్య ఒక గీత ఉంది. అది డ్యూసెల్‌డార్ఫ్ దగ్గర బెన్‌రాట్ అనే చోట రైన్ నదిని దాటుతుంది కాబట్టి బెన్‌రాట్ గీత అంటారు. గీతకి ఉత్తరాన ‘చేయడం’ అనడానికి మాకెన్ అంటారు, దక్షిణాన మాఖెన్. ఈ గీతే ఈరోజు మనకి ఆధారం.

శబ్దం దగ్గర మొదలుపెట్టాలి, అర్థం దగ్గర కాదు

ఇది ఈ విద్యలో మొదటి నియమం, అన్నిటికంటే పెద్ద నియమం కూడా. అర్థం కలిసిందని రెండు మాటల్ని కలిపేయకండి, అర్థం కలవలేదని విడదీయకండి. శబ్దాలు లెక్కకి వచ్చాయా, అది చూడండి.

డీక్ అనే మాటలో మూడే ముక్కలు ఉన్నాయి. మొదట డ, మధ్యలో దీర్ఘమైన ఈ, చివర క. ఒక్కొక్కటీ విడిగా పరీక్షిద్దాం.

చివరి నుంచి వద్దాం, అది సులువు. ఇంగ్లీషు బుక్, లో జర్మన్ బోక్, పశ్చిమ ఫ్రీజియన్ బూక్. ప్రామాణిక జర్మన్‌లో మాత్రం బూఖ్. ఇంగ్లీషు మిల్క్, లో జర్మన్ మెల్క్, జర్మన్ మిల్ష్. అంటే అచ్చు తర్వాత గానీ ‘ల’ తర్వాత గానీ వచ్చే చివరి క, దక్షిణాన మెత్తబడి ఖ్ లేదా ష్ అయింది. ఉత్తరాన ఎప్పటిలాగే ఉండిపోయింది. కాబట్టి ఉత్తరపు డీక్‌కి దక్షిణాన చివర ష్ రావాలి. వచ్చింది కూడా. సరిపోయింది.

మధ్యలోని ఈ. పశ్చిమ ఫ్రీజియన్‌లో మంచుగడ్డ ఈస్, లో జర్మన్‌లోనూ ఈస్, జర్మన్‌లో ఐస్. ద్రాక్షసారా అక్కడ వీన్, జర్మన్‌లో వైన్. ధనవంతుడైన అనడానికి అక్కడ రీక్, జర్మన్‌లో రైష్. రీక్-రైష్, డీక్-డైష్, చూడండి ఎంత చక్కగా పక్కపక్కన కూర్చున్నాయో. పాత దీర్ఘ ఈ జర్మన్‌లో ఐ అయింది. ఇంగ్లీషులోనూ అలాగే అయింది, అందుకే అక్కడ ఐస్, వైన్, డైక్.

అయితే ఇక్కడ ఒక గొయ్యి ఉంది, కొత్తగా నేర్చుకునే వాళ్ళందరూ ఇందులో పడతారు. జర్మన్‌లో ఐ అని పలికే ప్రతిదీ పాత ఈ నుంచి రాలేదు. రాయిని జర్మన్‌లో ష్టైన్ అంటారు. పలుకులో ఐస్ లాగానే ఉంది. కానీ ఇంగ్లీషు చూడండి, స్టైన్ కాదు, స్టోన్. లో జర్మన్ చూడండి, స్టీన్ కాదు, స్టేన్. అలాగే జర్మన్ బైన్, లో జర్మన్ బేన్, ఇంగ్లీషు బోన్. వీటిలో ఉన్నది మొదటి నుంచీ ఐ అనే వేరే శబ్దం, జర్మన్‌లో రెండూ ఒకేలా వినిపించే స్థితికి వచ్చాయి అంతే. కాబట్టి జర్మన్‌లో ఐ కనిపించగానే ఒక్క జర్మన్‌నే నమ్మకుండా లో జర్మన్‌నీ ఇంగ్లీషునీ సాక్ష్యానికి పిలవాలి. లో జర్మన్‌లో ఈ, ఇంగ్లీషులో ఐ ఉంటే మొదటి రకం. లో జర్మన్‌లో ఏ, ఇంగ్లీషులో ఓ ఉంటే రెండో రకం. మన మాట లో జర్మన్‌లో డీక్, ఇంగ్లీషులో డైక్. మొదటి రకమే, అనుమానం లేదు.

‘డ’ బయటపెట్టే సంగతి

ఇప్పుడు మొదటి శబ్దం. నాకు ఈ పాఠం మొత్తంలో బాగా ఇష్టమైన చోటు ఇదే.

ఇంగ్లీషు డే, ఫ్రీజియన్ డెయ్, లో జర్మన్ డాగ్. జర్మన్‌లో టాగ్. ఇంగ్లీషు డీప్, లో జర్మన్ డేప్, జర్మన్ టీఫ్. ఇంగ్లీషు డాటర్, ఫ్రీజియన్ డోఖ్టెర్, జర్మన్ టోఖ్టర్. ఉత్తరాన డ ఉన్న ప్రతి చోటా దక్షిణాన ట వచ్చింది. మరి డైష్ అనే జర్మన్ మాటలో డ ఎలా మిగిలింది?

పైగా జర్మన్‌లో సొంతంగా మొదటి నుంచీ ఉన్న ‘డ’ మాటలు ఎక్కడివో చూస్తే అవి ఇంగ్లీషు ‘థ’ మాటలకి జత. థింగ్‌కి డింగ్, త్రీకి డ్రై, థిక్‌కి డిక్. ఆ లెక్కన డైష్ జర్మన్ సొంత మాటే అయితే ఇంగ్లీషులో అది థైక్ అయి ఉండాలి. కానీ ఇంగ్లీషులో డైక్. మాటలో మూడు ముక్కలుంటే రెండు దక్షిణపువి, ఒకటి ఉత్తరపుది. అంటే ఈ మాట దక్షిణాన పుట్టి పెరిగింది కాదు, ఉత్తరం నుంచి అరువు తెచ్చుకున్నది. లో జర్మన్ డీక్‌ని తీసుకుని, ‘వాళ్ళ రీక్ మనకి రైష్ కదా’ అన్న అలవాటు కొద్దీ అచ్చునీ చివరి శబ్దాన్నీ తమ పద్ధతికి మార్చుకున్నారు, మొదటి డ ని మాత్రం అలాగే ఉంచేశారు.

మరి సొంత మాట ఏమైంది? అది ఎక్కడికీ పోలేదు. సూత్రం ప్రకారం డ కి ట, ఈ కి ఐ, క కి ష్ వేసి చూడండి. టైష్. అదే, కుంట! జర్మన్‌లో ఇంటి బిడ్డ టైష్, ఉత్తరం నుంచి వచ్చిన చుట్టం డైష్. ఒకే మాట ఒకే భాషలో రెండు వేషాల్లో, రెండు అర్థాలతో పక్కపక్కనే బతుకుతోంది. అర్థాన్ని పట్టుకుని వెళ్ళి ఉంటే, కుంటకీ కట్టకీ సంబంధం ఏమిటని ఇక్కడే వదిలేసేవాళ్ళం. శబ్దాన్ని పట్టుకున్నాం కాబట్టి దొరికింది.

అరువు ఎందుకు అవసరమైందో ఊహించడం కష్టం కాదు. ఆల్ప్స్ దిగువన ఉండేవాళ్ళకి సముద్రపు కట్టతో పనేముంది? ఆ పని ఉన్నవాళ్ళ దగ్గరే మాటా ఉంది, పనితో పాటు మాటా వెళ్ళింది. ఫ్రెంచ్ డీగ్, స్పానిష్ డీకె కూడా ఇలాగే డచ్ వాళ్ళ వైపు నుంచి వెళ్ళినవే.

సంస్కృతం వచ్చిన వాళ్ళకి ఒక హెచ్చరిక

డీక్ అని వినగానే మనలో కొందరికి సంస్కృతం ‘దిక్’ గుర్తొస్తుంది. రోడ్డు అన్న అర్థం కూడా ఉంది కదా, దిక్కు, దారి, భలే కలిసిందే అనిపిస్తుంది. వద్దు, కలపకండి. ఎందుకు వద్దో లెక్క చెబుతాను.

సంస్కృతం ‘ద’ కి ఇంగ్లీషులో జత ట. దంతం-టూత్, దశ-టెన్, ద్వి-టూ. జర్మన్‌లో అది ఇంకో అడుగు ముందుకెళ్ళి త్సాన్, త్సేన్, త్స్వై అయింది. కాబట్టి ‘దిక్’ చుట్టాలు ఇంగ్లీషులో ట తోనూ, జర్మన్‌లో త్స తోనూ మొదలవ్వాలి. నిజంగానే అలాగే ఉన్నాయి. చూపించడం అనే అర్థంలో జర్మన్ త్సైగెన్, ఇంగ్లీషు టీచ్, రెండూ ‘దిశ’ ధాతువుకి దగ్గరివే. ఇక ఇంగ్లీషు ‘డ’ కి సంస్కృతంలో జత ‘ధ’. విధవ-విడో-జర్మన్ విట్వె, మధు-మీడ్ (తేనెతో చేసే సారా)-జర్మన్ మేట్. ధ, డ, ట, ఈ మూడు మెట్లు కంఠతా పట్టేయండి, ఈ ధారావాహిక చివరి దాకా పనికొస్తాయి. డీక్ పూర్వీకుడు ఈ మెట్ల మీదివాడు. అందుకే దాన్ని ‘గుచ్చు, పాతు’ అనే అర్థం ఉన్న ‘*ధేయ్‌గ్వ్’ అనే పాత ధాతువుకి ముడిపెడతారు, లాటిన్ ఫీగెరె కూడా అక్కడిదే, ఇంగ్లీషు ఫిక్స్ దాని నుంచే. ఇలాంటి పునర్నిర్మించిన రూపాల ముందు నిఘంటువులు చిన్న నక్షత్రం గుర్తు (*) పెడతాయి. ఎక్కడా రాసి దొరకలేదు, లెక్క కట్టి రాబట్టాం అని దాని అర్థం. ఆ గుర్తుని ఎప్పుడూ వదిలేయకండి.

ఇంకొకటి. ఇంగ్లీషు డిగ్ అంటే తవ్వడం, అర్థం సరిగ్గా అతికినట్టే ఉంది. కానీ చివర గ ఉంది, మనకి కావలసింది క. డైక్‌కి నేరుగా తోబుట్టువు అయ్యే అవకాశం ఆ ఒక్క అక్షరంతోనే పోయింది.

ఇప్పుడు అర్థం దగ్గరికి వెళ్దాం

శబ్దాలు తేలాయి. ఇక అర్థాలు ఎలా విడిపోయాయో చూడాలి. దీనికి నేను చెప్పే పద్ధతి ఇది: పాత అర్థం, కొత్త అర్థం రెండూ ఒకేసారి నిజమయ్యే వాక్యం ఒకటి వెతకండి. అలాంటి వాక్యం దొరికితే మాట ఆ వాక్యం మీదుగా ఇవతలి నుంచి అవతలికి దాటిందని అర్థం. దొరక్కపోతే మీ ఊహని పక్కన పెట్టండి.

మన చెరువు గట్టుని ఒకసారి తలుచుకోండి. తవ్విన మట్టి ఎక్కడికీ పోదు, పక్కనే పోస్తారు. గుంటా గట్టూ ఒకే పారతో, ఒకే పూటలో పుడతాయి. గుంటలో నీళ్ళు నిలుస్తాయి, గట్టు మీద జనం నడుస్తారు, బండ్లు పోతాయి. మనం వీటికి వేరు వేరు పేర్లు పెట్టుకున్నాం. పాత జర్మానిక్ జనం, అంటే జర్మన్, ఇంగ్లీషు, ఫ్రీజియన్ లాంటి భాషలకి మూలమైన భాష మాట్లాడినవాళ్ళు, ఆ మొత్తం పనికి ఒకే పేరు పెట్టారు, తర్వాత ఒక్కో ఊరివాళ్ళు అందులో తమకి కావలసిన ముక్కకి ఆ పేరు ఉంచుకున్నారు.

‘వాళ్ళు పొలం చుట్టూ డీక్ వేశారు’ అనే వాక్యం తీసుకోండి. కాలవ తవ్వారనీ నిజమే, కట్ట పోశారనీ నిజమే. పాత ఇంగ్లీషులో డీచ్ అనే మాటకి సరిగ్గా ఈ రెండు అర్థాలూ కలిసే ఉండేవి. 8వ శతాబ్దంలో, ఇంగ్లండ్ నడిమి ప్రాంతపు పాత రాజ్యమైన మెర్సియా రాజు ఒఫ్ఫా వేల్స్ సరిహద్దున వేయించిన పెద్ద మట్టి కట్టడం ఉంది, ఒఫ్ఫాస్ డైక్ అంటారు. ఇప్పటికీ వెళ్ళి చూడొచ్చు. ఒక పక్క కట్ట, దాన్ని ఆనుకునే కందకం, రెండూ కలిపి ఒకటే పేరు. తర్వాత ఇంగ్లీషులో దక్షిణాది పలుకుబడి డిచ్ గుంటకీ, ఉత్తరాది పలుకుబడి డైక్ ఎక్కువగా కట్టకీ స్థిరపడ్డాయి. స్కాట్లాండ్‌లో డైక్ అంటే పొలాల మధ్య పేర్చిన రాతి గోడ కూడా, మట్టి పోయి రాయి వచ్చినా పేరు మారలేదు.

జర్మనీ లోపలి ప్రాంతాల్లో కావలసింది చేపలు. కట్ట వేసి నీళ్ళు నిలబెట్టి చేపలు పెంచారు, పేరు నీళ్ళకి అతుక్కుంది, టైష్ అయింది. తూర్పు జర్మనీలోని సాక్సనీలో ఓబర్‌లౌజిట్స్ అనే చోట మధ్యయుగాల నుంచి ఇలా కార్ప్ చేపల కోసం తయారుచేసిన కుంటలు వందల సంఖ్యలో ఉన్నాయి, ఆ జీవావరణ ప్రాంతం అధికారిక పేరులోనే టైష్ ఉంది.

తీరంలో కథ వేరు, అక్కడ కట్టే ప్రాణం. ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత పెద్ద ప్లినీ ఆ ఉత్తర సముద్ర తీరాన్ని చూసి, అక్కడి జనం చేతులతో పోసుకున్న మట్టి దిబ్బల మీద గుడిసెలు వేసుకుని ఉంటారని, పోటు వచ్చినప్పుడు ఓడలో ఉన్నవాళ్ళలా, పోటు తీసినప్పుడు ఓడ పగిలి ఒడ్డున పడ్డవాళ్ళలా కనిపిస్తారని రాశాడు. అప్పటికి సముద్రానికి అడ్డంగా పెద్ద కట్టలు లేవు. సుమారు 11వ శతాబ్దం నుంచి కట్టలు మొదలై, 13వ శతాబ్దానికల్లా ఒకదానితో ఒకటి కలిసి ఫ్రీజియన్ల నేల చుట్టూ వలయంలా ఏర్పడ్డాయి. దాన్ని వాళ్ళు బంగారు వలయం అన్నారు. ‘సముద్రాన్ని దేవుడు చేశాడు, ఒడ్డుని ఫ్రీజియన్ చేశాడు’ అని లాటిన్‌లో ఒక సామెత కూడా ఉంది.

ఈ కట్టలు వేయడానికి బంకమట్టి దగ్గరలోనే తవ్వాలి. ఆ తవ్విన గోతులు నీళ్ళు నిండి లోవర్ సాక్సనీ తీరంలో ఇప్పటికీ కనిపిస్తాయి. కట్ట పక్కన గొయ్యి, ఇక్కడా అదే జంట. కట్ట మీద గడ్డి పెంచి గొర్రెల్ని మేపుతారు, అవి గడ్డిని పొట్టిగా ఉంచుతాయి, చిన్న గిట్టలతో మట్టిని తొక్కి గట్టిపరుస్తాయి. గొర్రెలు కూడా ఆ కట్ట నిర్వహణలో భాగమే.

కట్టకి చట్టం కూడా ఉండేది. ఎవరి పొలం ముందున్న కట్ట ముక్క వాళ్ళ బాధ్యత. ఇక తన వల్ల కాదనుకున్న రైతు తన ముక్కలో పార గుచ్చి వెళ్ళిపోవాలి. ఆ పార ఎవరు పీకితే ఆ పొలం వాళ్ళది, కట్ట బరువు కూడా వాళ్ళదే. దీన్ని పార హక్కు అనేవాళ్ళు. కఠినమే, కానీ ఒక్కడి ముక్క తెగితే ఊరంతా పోతుంది. 1362 జనవరి వరదలో రుంగ్‌హోల్ట్ అనే ఊరు పూర్తిగా మునిగిపోయింది. 1634 అక్టోబరు వరదలో ష్ట్రాండ్ అనే పెద్ద ద్వీపం ముక్కలై పెల్‌వోర్మ్, నోర్డ్‌ష్ట్రాండ్ అనే రెండు పెద్ద ముక్కలు మిగిలాయి, వేల మంది పోయారు.

ఆ చట్టాన్ని చెప్పే సామెత ఒకటి లో జర్మన్‌లో ఉంది: ‘డే నిఖ్ విల్ డీకెన్, డే ముట్ వీకెన్’. కట్ట వేయనివాడు ఊరు వదలాల్సిందే అని. అదే ప్రామాణిక జర్మన్‌లో ‘వేర్ నిష్ట్ విల్ డైషెన్, డేర్ ముస్ వైషెన్’. బిగ్గరగా రెండూ చదవండి. డీకెన్-వీకెన్ ప్రాస డైషెన్-వైషెన్‌లో చెక్కుచెదరలేదు. సామెతని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మారిస్తే ప్రాస సాధారణంగా చచ్చిపోతుంది. ఇక్కడ బతికింది, ఎందుకంటే రెండు మాటల్లోనూ ఈ, క ఒకే సూత్రం ప్రకారం మారాయి.

కట్ట రోడ్డు ఎలా అయింది

ఫ్రీస్లాండ్ నేల బంకమట్టి, పల్లం. చలికాలం వర్షాలకి పొలాలన్నీ బురద. పొడిగా, ఎత్తుగా, తెగకుండా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళేది ఒక్కటే, కట్ట. ‘బండి డీక్ మీద పోతోంది’, ఇదిగో మన వాక్యం. కట్ట మీదా నిజమే, దారి మీదా నిజమే. కొన్ని తరాలు ఇలా విన్న పిల్లలకి డీక్ అంటే బండ్లు పోయేది. తర్వాత కట్ట లేని చోట రోడ్డు వేసినా అది డీకే. దారికి ‘వెయ్’ అనే మాట ఫ్రీజియన్‌లో ఉంది, అయినా డీక్ దాని పక్కన చోటు చేసుకుంది.

దీనికి సాక్ష్యం నేల మీదే ఉంది. స్లాఖ్టెడీక్ అని ఫ్రీస్లాండ్‌లో 42 కిలోమీటర్ల పాత కట్ట, వంకర్లు తిరుగుతూ పొలాల మధ్య సాగుతుంది. ఇప్పుడు సముద్రం దాని దగ్గరికి రాదు, జనం దాని మీద నడుస్తారు, మారథాన్ కూడా పెడతారు. ఇంకో పక్క 1932లో పూర్తి చేసిన ఆఫ్‌స్లూట్‌డీక్, సముద్రపు పాయని అడ్డగించి 32 కిలోమీటర్ల పొడవున కట్టినది. దాని మీద ఇప్పుడు జాతీయ రహదారి. అక్కడ నిలబడి ‘డీక్’ అంటే కట్ట అన్నారా రోడ్డు అన్నారా అని ఎవర్నీ అడగక్కర్లేదు.

జర్మన్ వైపు ఈ మార్పు రాలేదు. అక్కడ డైష్ కట్ట దగ్గరే ఆగిపోయింది. అరువు తెచ్చుకున్న మాట సాధారణంగా తెచ్చుకున్న అర్థంతోనే ఉంటుంది, అటూ ఇటూ పెద్దగా కదలదు. ఇంట్లో పుట్టిన మాట తిరిగినన్ని చోట్లు తిరుగుతుంది. ఇది నేను చాలా మాటల్లో గమనించింది, సూత్రం అనను గానీ వెతికేటప్పుడు మనసులో పెట్టుకోండి.

ఈ వారం అభ్యాసం

జర్మన్ నిఘంటువు కావాలంటే డీడబ్ల్యూడీఎస్ అనే ఉచిత సైటు వాడండి, అందులో మాట పుట్టుక విడిగా ఇస్తారు. కానీ ముందు కాగితం మీద మీరే లెక్క వేసి, తర్వాతే అది తెరవండి.

మొదటిది, ఆనకట్టని ఇంగ్లీషులో డ్యామ్ అంటారు, జర్మన్‌లో డమ్. ఈ జర్మన్ మాట ఇంటిదా, చుట్టమా? ‘డ’ ఒక్కదాన్నీ చూసి చెప్పండి. ఇంటిదే అయితే ఏ రూపంలో ఉండాలో కూడా రాయండి.

రెండోది, జర్మన్‌లో ‘సమానమైన’ అనడానికి గ్లైష్, లో జర్మన్‌లో లీక్, ఇంగ్లీషులో లైక్. ఇందులో ఐ ఏ రకం? మొదట్లో ఉన్న గ సంగతి ప్రస్తుతానికి వదిలేయండి, అది ఉపసర్గ మిగిలిన ముక్క.

మూడోది కొంచెం కష్టం. పిండి ముద్దని జర్మన్‌లో టైగ్ అంటారు, లో జర్మన్‌లో డేగ్, ఇంగ్లీషులో డో. టైష్, టైగ్ చెవికి దాదాపు ఒకటే, రెండూ మట్టి, ముద్ద, తడి చుట్టూ తిరుగుతున్నాయి. ఇవి తోబుట్టువులా? కారణాలు కనీసం రెండు రాయండి.

శ్రద్ధగా చదివినవాళ్ళకి ఇప్పటికే ఒక అనుమానం వచ్చి ఉండాలి. ఇంగ్లీషు డ కి సంస్కృతంలో ధ రావాలన్నాను, కానీ డాటర్‌కి సంస్కృతంలో దుహిత. ధుహిత కాదు. ఇంగ్లీషు డో కి సంస్కృత బంధువు దేహం, అక్కడా ధ లేదు. సూత్రం తప్పలేదు, దాని మీద ఇంకో సూత్రం పని చేసింది. 1863లో హెర్మన్ గ్రాస్‌మన్ దాన్ని ప్రకటించాడు, ఈయన అసలు గణితం మనిషి. వచ్చే పాఠం అదే. దుహిత, దేహం, బంధం, ఈ మూడు మాటలూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, వాటిలో ధ, భ లాంటి ఒత్తి పలికే అక్షరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ‘హ’ ఎక్కడ ఉందో గుర్తు పెట్టి ఉంచండి.